రెండో దారికి కాపలా ఉన్న ఆర్లీన్ తువోమి గారు

1989 ఏప్రిల్ 17, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, సుపీరియర్ సరస్సు మీద మంచుపెళ్లలు ఇంకా ఒడ్డును ఒరుసుకుంటూ తిరుగుతున్న వేళ, ఆర్లీన్ తువోమి గారు మన కెస్ట్రెల్ కౌంటీ అత్యవసర సమాచార కేంద్రంలో దస్త్రాల గుమాస్తాగా విధులలో చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై ఎనిమిది. ముప్ఫై నాలుగు సంవత్సరాలు అవిచ్ఛిన్నంగా సేవలందించి, సిస్టమ్స్ ప్రధాన నిర్వాహకురాలిగా 2023 జూన్ 30, శుక్రవారం నాడు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ కౌంటీలో 911కు ఫోన్ చేసి బతికి బయటపడిన ప్రతి మనిషి వెనుకా వారి పని ఉంది. ఆ మనుషులలో ఎక్కువమందికి వారి పేరు కూడా తెలియదు.

మన కార్యాలయ పత్రిక తెస్తున్న ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం వారు ఈ వ్యాసం నన్ను రాయమని కోరుతూ, "ఆవిడ గురించి నీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు కర్టిస్?" అన్నారు. నిజమే, తెలుసు. తెలిసినది బయటపెట్టడానికే పద్నాలుగేళ్లుగా భయపడుతున్నాను. ఆర్లీన్ గారి సర్వీసు రికార్డులో ఒక మందలింపు లేఖ ఉంది. అది నా రికార్డులో ఉండవలసిన లేఖ. సోమవారం నుంచి వారి స్థానంలో బాధ్యతలు స్వీకరించవలసినవాణ్ణి నేనే గనుక, ఆ సంగతి చెప్పకుండా వారిని పొగడడానికి నాకు నోరు రావడం లేదు; చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని స్థితిలో ఈ వ్యాసం మొదలుపెట్టాను. నేను సహజంగా పిరికివాణ్ణి. ఆ మాట సహోద్యోగులందరికీ తెలుసు, కాని ఎంత పిరికివాణ్ణో తెలియదు.

తొలినాళ్లలో ఆర్లీన్ గారి పని చిరునామాల కార్డులను అక్షరక్రమంలో సర్దడం. 1994లో కౌంటీ వారు చిరునామాలూ మ్యాపులూ తెరల మీదకు అందించే మనిషెత్తు యూనిక్స్ సర్వర్‌ను తెచ్చి వెనక గదిలో నిలబెట్టినప్పుడు, దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనని కార్యాలయమంతా ఆమడ దూరం జరిగితే, వారు మాత్రం దానితో వచ్చిన పదకొండు లావుపాటి పుస్తకాలను ఒక్కొక్కటిగా ఇంటికి మోసుకెళ్లి, వరుసకింద స్కేలు పెట్టుకుని చదివారు. ఏడాది తిరిగేసరికి ఆ యంత్రం వారి మాట వినడం మొదలుపెట్టింది. గుమాస్తా కుర్చీ నుంచి సర్వర్ గదిలోకి వారు వెళ్లింది ఏ పట్టా చూపించి కాదు, ఇంకెవరికీ చేతకాక.

1996 మార్చిలో ఒక మధ్యాహ్నం ఆ సర్వర్‌కు ఉన్న ఒకే ఒక్క నెట్‌వర్క్ కార్డు కాలిపోయింది. యంత్రం లోపల బాగానే ఉంది, కాని దాని మాట బయటికి రాదు, బయటి మాట దానికి వినబడదు. అయిదు గంటలపాటు ముందు గదివాళ్లు ఫోన్లో విన్నది చీటీల మీద రాసి, వరండాలో పరుగెత్తి, చేతి నుంచి చేతికి అందించారు. ఒక అంబులెన్సు తప్పుదారిలో తొమ్మిది మైళ్లు పోయి వెనక్కి వచ్చింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. "ఆ రోజు పట్టుకున్న భయం నన్ను మళ్లీ వదల్లేదు," అని ఆర్లీన్ గారు నాతో అన్నారు. వారి నోట భయమనే మాట నేను వినడం చాలా అరుదు.

ఆ భయం నుంచే వారి జీవితకార్యం పుట్టింది. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులుండాలి. రెంటికీ రెండు కేబుళ్లు. ఆ కేబుళ్లు పోయి కలిసే పెట్టెలు, మేం స్విచ్‌లు అనేవి, అవి కూడా రెండు వేర్వేరుగా ఉండాలి. సర్వర్‌కు నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే చిరునామా మాత్రం ఒక్కటే. ఒక దారి తెగితే ఆ చిరునామా దానంతట అదే రెండో దారి మీదకు మారిపోవాలి, ముందు గదిలో ఫోన్లు ఎత్తే వాళ్లకు తేడా తెలియకూడదు. దీనికి కావలసిన డబ్బు కౌంటీ బోర్డు మంజూరు చేయాలి. అప్పటి బోర్డు సభ్యులు ఆర్విడ్ ఫాస్నెస్ గారికి ఇది శుద్ధ దండగగా తోచింది.

"ఉన్నది బానే పనిచేస్తోంది కదమ్మా, రెండోదెందుకు? అలంకారానికా?" అన్నారట సభలో.

"మీ బండి డిక్కీలో స్టెప్నీ ఉందా అండీ?" అని ఆర్లీన్ గారు.

"ఎందుకుండదు? ఈ రోడ్ల మీద స్టెప్నీ లేకుండా ఎవడు తిరుగుతాడు?"

"అందులో గాలి ఉందా?"

ఫాస్నెస్ గారు "ఉండే ఉంటుంది," అన్నారు. సభ అయిపోయాక పార్కింగ్ స్థలంలో ఆయన డిక్కీ ఎత్తి, వేలితో టైరు నొక్కి చూసుకుంటూ కనబడ్డారని ప్రత్యక్ష సాక్షుల కథనం. టైరు పిండిముద్దలా లోపలికి పోయిందట. తరువాతి సమావేశంలో రెండో కార్డుకు మొదట చెయ్యెత్తింది ఆయనే.

డబ్బు మంజూరైనంత మాత్రాన ఆర్లీన్ గారికి నిద్ర పట్టలేదు. స్టెప్నీ కొనడం వేరు, గాలి చూడడం వేరు. మన రాష్ట్రంలో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఊరి సైరన్లన్నీ పరీక్ష కోసం మోగుతాయి కదా, ఆ మోత మొదలవగానే వారు సర్వర్ గదిలోకి వెళ్లి, నడుస్తున్న రెండు స్విచ్‌లలో ఒకదాని కరెంటు ప్లగ్గు గోడలోంచి పీకేసేవారు. కేబుల్ ఒకటి తీసి చూడడం కాదు, పెట్టె మొత్తాన్ని చంపేయడం. ఒక నెల ఒకటి, మరుసటి నెల రెండోది. అదే సమయంలో ముందు గదిలో నిజమైన ఫోన్లు నిజంగానే మోగుతూ ఉండేవి. కాల్స్ అందుకునే బృందానికి పెద్దదిక్కయిన డెలోరిస్ స్ట్రాండ్ గారికి బుధవారమంటే హడల్.

"వచ్చిందమ్మా మహాతల్లి, మా ప్రాణాలు తీయడానికి!" అనేవారు ఆవిడ.

"తీయడానికి కాదు డెలోరిస్, ఉన్నాయో లేవో చూడ్డానికి. ఇదిగో, రొట్టె తిను," అని ఆర్లీన్ గారు ఇంటి నుంచి చేసి తెచ్చిన ఏలకుల రొట్టె బల్ల మీద పెట్టేవారు. ఆ రొట్టె లేకపోతే ఈ కార్యాలయంలో తిరుగుబాటు ఎప్పుడో జరిగేది.

నేను 2004లో వారికి సహాయకుడిగా చేరాను. మొదటి బుధవారం వారు ప్లగ్గు మీద చెయ్యి వేయగానే నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి సర్వర్ రెండో దారి మీద నిక్షేపంగా నడుస్తోంది.

"బానే నడుస్తున్నదాన్ని ఎందుకండీ కెలకడం?" అని అడిగాను.

"బానే నడుస్తోందని నీకెవరు చెప్పారు?"

"రెండు పచ్చ దీపాలూ వెలుగుతున్నాయి కదండీ."

"కేబుల్ ఆ పక్క పెట్టెదాకా తగిలిందని చెబుతుంది దీపం. అంతకుమించి దానికేం తెలుసు నాయనా?" అన్నారు. నాకు అర్థమైంది, కాని భయం పోలేదు. నాలుగేళ్లపాటు ప్లగ్గు పీకే పని ఒక్కసారి కూడా నా చేతికి రాకుండా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను.

2008 అక్టోబరులో ఆర్లీన్ గారికి మోకాలి శస్త్రచికిత్స జరిగింది. మూడు నెలల సెలవు. వెళుతూ వెళుతూ, "బుధవారాలు మర్చిపోకు," అన్నారు. ఆ నెలాఖరులో రాష్ట్ర తనిఖీ బృందం వస్తున్నదని తెలిసి, అప్పటి డైరెక్టరు గారు సర్వర్ గది అద్దంలా ఉండాలని ఆదేశించారు. రెండు కేబుళ్లలో ఒకటి గదికి అడ్డంగా బట్టలారేసుకునే తాడులా వేలాడుతూ అవతలి బీరువాలోని రెండో స్విచ్‌కు పోయేది. చూడ్డానికి అసహ్యంగా ఉండేది. నేను దాన్ని తీసేసి, పొట్టి కేబుల్ వేసి, రెంటినీ పక్కపక్కనే ఒకే స్విచ్‌లోకి పెట్టి, నీలం పట్టీతో కట్టి, నా చేతిరాతతో చీటీలు అంటించాను. రెండు కార్డులు, రెండు కేబుళ్లు, రెండు పచ్చ దీపాలు. తనిఖీవారు మెచ్చుకున్నారు. ఒకే పెట్టెలోకి పోయే రెండు దారులు ఒకే దారి అని నాకు తట్టనే లేదు.

తట్టే అవకాశం మూడుసార్లు వచ్చింది. నవంబరు, డిసెంబరు, జనవరి మొదటి బుధవారాల్లో సైరన్ మోగినప్పుడు నేను గదిలోకి వెళ్లాను. ప్లగ్గు మీద చెయ్యి వేశాను. ముందు గదిలో ఎవరో ఫోన్లో ఏడుస్తున్న మనిషిని ఓదారుస్తున్నారు. ప్లగ్గు వదిలేసి, సన్నటి కేబుల్ ఒకటి మాత్రం లాగాను. చిరునామా వెంటనే రెండో కార్డుకు మారింది, మారదా మరి, ఆ పెట్టె బతికే ఉంది కదా. కేబుల్ మళ్లీ పెట్టేసి, పరీక్ష కాగితం తీసుకున్నాను. అందులో ఆర్లీన్ గారు టైపు చేయించిన గడి ఇది: "స్విచ్‌కు కరెంటు తీసి చూశాను." దాని ఎదుట మూడు నెలలూ అవునని రాసి సంతకం పెట్టాను. పొరపాటు ఒకసారి చేశాను, అబద్ధం మూడుసార్లు ఆడాను.

2009 జనవరి 15, గురువారం. బయట మైనస్ ఇరవై రెండు. ఆర్లీన్ గారు చేతికర్రతో తిరిగి విధులలో చేరిన రెండో రోజు. మధ్యాహ్నం రెండూ ఇరవైకి మా స్విచ్ చచ్చిపోయింది. ముందు గదిలో తెరలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. ఫోన్ల తీగలు వేరు గనుక మాటలు వినబడుతూనే ఉన్నాయి. డెలోరిస్ గారి ఫోన్లో ఒక ఆడమనిషి కేకలు పెడుతోంది. భర్త, తొమ్మిదేళ్ల కూతురు మంచు మీద నడిపే బండితో సహా సరస్సులోకి దిగిపోయారు. తాను ఒడ్డున ఉంది. ఏ ఒడ్డో తెలియదు.

"మీరెక్కడున్నారో చెప్పమ్మా... ఏదైనా కనబడుతోందా... ఇల్లు, గుర్తు, ఏదైనా," అని డెలోరిస్ గారు ఫోన్లో నిదానంగా అడుగుతూనే, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగారు. "కర్టిస్, నా మ్యాపు చచ్చింది. ఆవిడ ఎక్కడుందో ఆ మ్యాపుకే తెలుసు. ఏదో ఒకటి చెయ్యి, నీకు దణ్ణం పెడతా."

సర్వర్ గదిలోకి పరుగెత్తాను. రెండు దీపాలూ ఆరిపోయి ఉన్నాయి. అప్పుడర్థమైంది నేను ఏం చేశానో. అర్థమయ్యాక చేయవలసినది తేలికే, కాని నేను ఆ నీలం పట్టీని చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తరువాత గడియారం లెక్కలు చెప్పాయి. దాదాపు ఏడు నిమిషాలు.

చేతికర్ర చప్పుడు వినబడింది. ఆర్లీన్ గారు వచ్చి, నన్ను పక్కకు నెట్టి, చీటీలు చదివారు. నా చేతిరాత వారికి తెలుసు. ఎవరు చేశారని అడగలేదు. "పొడుగు కేబుల్ తే," అన్నారు. తెచ్చాను. "ఆ కొస అవతలి స్విచ్‌లో గుచ్చు. పైవరస, మూడోది. కర్టిస్, నా మాట వినబడుతోందా? మూడోది." గుచ్చాను. ఈ కొస వారు కార్డులో పెట్టారు. దీపం వెలిగింది. చిరునామా మారింది. ముందు గదిలోంచి డెలోరిస్ గారి అరుపు వినబడింది: "వచ్చింది! గల్ పాయింట్ ఒడ్డు, ఉత్తరం వైపు!"

మొత్తం పదకొండు నిమిషాలు. రక్షణబృందం ఇద్దరినీ ప్రాణాలతో తీసింది. పాపను మంచుగడ్డ మీదకు ఎత్తిపట్టుకుని ఉన్నందుకు తండ్రి వెస్లీ అహో ఎడమచేతి నాలుగు వేళ్లు చలికి పోయాయి. ఆయన మన ఊళ్లోనే చేపల ఎర అమ్మే దుకాణం నడుపుతారు. మీరందరూ అక్కడే కొంటారు. పద్నాలుగేళ్లుగా నేను మాత్రం నలభై మైళ్లు పోయి వేరే చోట కొంటున్నాను.

విచారణ జరిగింది. రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లో ఎందుకున్నాయని డైరెక్టరు గారు అడిగారు. నేను మాట కూడదీసుకునేలోగా ఆర్లీన్ గారు, "రెండు వేర్వేరు పెట్టెలలో ఉండాలని నేను ఎక్కడా రాసిపెట్టలేదు. వ్యవస్థ నాది, తప్పు నాది," అన్నారు. నా పరీక్ష కాగితాలను ఎవరూ తిరగేయలేదు. మందలింపు లేఖ వారికి వచ్చింది. 2011లో విభాగాధిపతి పదవికి అర్హత, అనుభవం, అందరి ఆమోదం వారికి ఉన్నా, ఆ లేఖను చూపించి బయటివారిని నియమించారు. వారి సోదరి లెంపి గారు, బంధుమిత్రులు ఈ సంచిక చదువుతారు. అక్కగారికి ఆ పదవి ఎందుకు రాలేదని మీరు ఎప్పుడైనా అనుకుని ఉంటే, కారణం ఇది. కారణం నేను.

విచారణ ముగిసిన తరువాతి మొదటి బుధవారం, ఒంటిగంటకు సైరన్ మోగింది. ఆర్లీన్ గారు నన్ను స్విచ్ ముందు నిలబెట్టి, "పీకు," అన్నారు. అంతే, దాని గురించి ఆనాడూ ఆ తరువాతా ఇంకొక్క మాట లేదు. ఏడుపు ఒక్కటే తక్కువగా పీకాను. అప్పటి నుంచి ప్రతి నెలా నేనే పీకుతున్నాను. ఒక్కసారి కూడా భయపడకుండా పీకలేదు. 2014లో కొత్త సర్వర్లు వచ్చినప్పుడు, 2019లో భవనం మారినప్పుడు, ఆర్లీన్ గారు రెండో దారిని మొదటి నుంచి మళ్లీ వేశారు; ఏ కేబుల్ ఏ గోడ గుండా పోతుందో, రెండూ ఎక్కడా ఒకే గొట్టంలో, ఒకే ప్లగ్గు మీద కలవకుండా, ప్రతి అడుగూ నడిచి చూసి రాశారు. నేడు మన కేంద్రం చుట్టుపక్కల మూడు కౌంటీలకు ఆదర్శప్రాయమైందంటే అది వారి ఓర్పు, వారి అనుమానం, వారి మోకాళ్ల ఫలితం.

వారసుడిగా నా పేరు ప్రకటించిన వారం, తల దించుకుని వెస్లీ అహో దుకాణానికి వెళ్లాను. జరిగినదంతా చెప్పాను. ఆయన మంచి చేతితో జల్లెడ పట్టుకుని తొట్టిలో చిన్నచేపలను దేవుతూ విన్నారు.

"ఆర్లీన్ ఆసుపత్రికి వచ్చింది అప్పుడు," అన్నారు చివరికి. "కర్ర ఊతంతో, రెండంతస్తులు ఎక్కి. లిఫ్టు పనిచేయట్లేదు ఆ రోజు. తప్పు తనదేనని చెప్పి, క్షమించమని అడిగింది. నేను నానా మాటలన్నాను. నిలబడి అన్నీ పడింది." జల్లెడ తొట్టి అంచుకు ఆనించారు. "అయితే ఆ మాటలన్నీ నీవన్నమాట."

"నావేనండి."

"మళ్లీ తిట్టే ఓపిక లేదు. పో, ఆవిడకు చెప్పు, వెస్లీ ఆ మాటలు వెనక్కి తీసుకున్నాడని."

చెప్పాను. ఆర్లీన్ గారు బల్ల సొరుగులు ఖాళీ చేస్తున్నారు. అన్నీ సంచికలో రాస్తానన్నాను. ఎందుకు నన్ను కాపాడారని కూడా అడిగాను. పద్నాలుగేళ్లుగా అడగడానికి భయపడిన ప్రశ్న అది.

"నిన్నెవరు కాపాడారు?" అన్నారు, తల ఎత్తకుండానే. "నిన్ను పంపించేస్తే ఇంకొకడు వచ్చేవాడు. వాడికి భయం ఉండేది కాదు. నీకైతే ఇక జన్మలో పోదు. అలాంటివాడు నాకు కావాలి." తరువాత కొంచెం మెత్తగా, "రాసుకో. ఇద్దరం కాస్త తేలికపడతాం," అన్నారు.

ప్రస్తుత డైరెక్టరు గారికి లిఖితపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చాను. వారు నిర్ణయానికి రెండు రోజులు తీసుకున్నారు. ఆ రెండు రోజులూ నేను అన్నం ముట్టలేదు. మూడో రోజు పిలిచి, ఆ మందలింపు ఆర్లీన్ గారి రికార్డు నుంచి తొలగించి నా రికార్డులోకి మారుస్తున్నామని, ఆర్లీన్ గారు తన స్థానానికి నన్ను తప్ప ఇంకెవరినీ సిఫారసు చేయలేదు గనుక నియామకం మాత్రం నిలుస్తుందని చెప్పారు. ఆ విధంగా ఆర్లీన్ తువోమి గారు ముప్ఫై నాలుగు సంవత్సరాల నిష్కళంకమైన సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్నారని ఈ సంచికాముఖంగా నేను ప్రకటించగలుగుతున్నాను.

శనివారం నుంచి వారు పైక్ బే దగ్గర తాము కట్టుకున్న చెక్క ఇంట్లో ఉంటారు. ఇక్కడికి ముప్ఫై రెండు మైళ్లు. ఒకటే రోడ్డు, చుట్టుపక్కల ఇల్లు లేదు, మోకాలు ఇప్పటికీ సరిగ్గా లేదు. శీతాకాలంలో ఎక్కడైనా కాలు జారితే, రాత్రయినా పగలయినా, వారు చేయగలిగే ఫోను ఒక్కటే. అది మోగేది మన గదిలోనే.

ఆర్లీన్ గారూ, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉండాలి. ఇటువంటి వ్యాసాల చివర అందరూ మర్యాదకు రాసే మాటే ఇది, కాని నేను మర్యాదకు రాయడం లేదు. సోమవారం నుంచి ఆ యంత్రానికి కాపలా నేనే. నాకు చాలా భయంగా ఉంది.

— కర్టిస్ బెలాంజే